శ్రీ కదిరి వెంకటరెడ్డిగారి జీవితము – మన విద్యార్థుల లఘుచిత్రము

మా పాఠశాలయందు పదవ తరగతి చదువుచున్న విద్యార్థులు కొందరు, అర్ధసంవత్సర పరీక్షలు ముగిసిన పిమ్మట మాయొద్దకు వచ్చి, తామొక లఘుచిత్రమును తీయదలచితిమనియు, అందులకు మా యనుమతియు సాయమును కావలెననియు కోరిరి. చిత్రము పది నిమిషములది. విషయము చదువుల భారము. యాడికి ప్రాంతమున వేరుసెనగ పంట యెండిపోయిన యొక రైతుయొక్క కుమారుడు మార్కుల భయముచేత ఎట్లు నలిగిపోవునో, ఆ నలుగుబాటునుండియే బాలుడు యువకుడెట్లగునో చూపవలెనని వారి తలంపు.

వారు వ్రాసికొనివచ్చిన కథను చదివి వినిపించిరి. అందొక ఉపాధ్యాయుడు కలడు. అతడు మార్కుల పట్టికను చేతబట్టి, మొదటివాడు మొదలుకొని తుదివానివరకు అందరి పేర్లను బిగ్గరగా చదువును. తుదివాని పేరు వినబడగానే తరగతియంతయు నవ్వును. ఆ ఉపాధ్యాయుడెవరో మాకొకరు చెప్పనక్కర లేకపోయెను. ఆ పనిని మేము పెక్కేండ్లు చేసియుంటిమి. కొన్ని సంవత్సరముల క్రిందట అట్లు కడపట వినబడిన పేరుగల బాలుడొకడు మరునాటినుండి బడికి రాలేదు. తండ్రి వెంట బెంగుళూరునకు కూలికి పోయెనని నెల దినములకు వింటిమి. అందులకు కరవు కొంత కారణమే. కాని కరవొక్కటియే కారణమని మేము చెప్పజాలము.

విద్యార్థుల కథాంతమున నాయకుడు ప్రాణములు విడుచుచున్నాడు. ఆ ముగింపు మాకు రుచింపలేదు. అయినను, మార్చుడని యాజ్ఞాపించుటకు మాకు నోరాడలేదు. దానికి మారుగా, మన యాడికికి కొలది దూరమున నున్న తాడిపత్రిలో పుట్టి, తెలుగు చలనచిత్రములకు ప్రణాళిక యనునదేమో నేర్పిన మహనీయుని చరిత్రమును వారికి చెప్పితిమి. ఆ దినము చెప్పినదానినే ఈ సంచిక కొరకు క్రమముగా వ్రాయుచున్నాము.

శ్రీ కదిరి వెంకటరెడ్డిగారు 1912వ సంవత్సరము జూలై 1వ తేదీన అనంతపురము జిల్లా తాడిపత్రిలో జన్మించిరి. లోకము వారిని కె.వి. రెడ్డిగారని యెరుగును. పెన్నానదీతీరమున, విజయనగర రాజుల నాటి బుగ్గ రామలింగేశ్వరాలయమును, చింతల వేంకటరమణాలయమును గల ఊరది. చుట్టునున్న నేల మాత్రము మన నేలయే. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదియును వేళకు రాని వాన. ఇట్టి సీమలో బిడ్డను చదివించుట యనగా, వాన వచ్చునో రాదో తెలియక విత్తనము చల్లుటవంటిది. చల్లినవాని భయము మొలకకు తెలియదు. మొలక దాహము చల్లినవానికి తెలియదు. మన విద్యార్థుల కథకంతటికిని వేరు ఈ తెలియకపోవుటయందే కలదు.

వెంకటరెడ్డిగారు పసితనముననే తండ్రిని కోలుపోయి మేనమామల యింట పెరిగిరి. తరువాత మద్రాసు నగరమున శాస్త్రవిద్య నభ్యసించి పట్టభద్రులైరి. ఆ కాలమున మన జిల్లాలో పట్టభద్రులు వేళ్లమీద లెక్కింపదగినంతమందియే యుండిరి. అట్టివాడు సర్కారు కొలువులో చేరునని బంధువు లెదురుచూచుట సహజము. వెంకటరెడ్డిగారు చేరినది చలనచిత్రముల కార్యాలయమున. అదియును దర్శకులుగా కాదు, నటులుగా కాదు, డబ్బు లెక్కలు చూచు క్యాషియరుగా.

ఈ మార్గమున వారిని నడిపించినది యొక స్నేహము. తాడిపత్రివారే యైన శ్రీ మూలా నారాయణస్వామిగారు వారికి బాల్యమిత్రులు. సంపన్నులైన నారాయణస్వామిగారు చిత్రనిర్మాణమున ధనము పెట్టి, హెచ్.ఎమ్. రెడ్డిగారు, బి.ఎన్. రెడ్డిగారు మున్నగువారితో కలిసి రోహిణీ సంస్థను నడిపిరి. 1938లో ఆ సంస్థనుండి గృహలక్ష్మి వెలువడెను. అక్కడనే వెంకటరెడ్డిగారు లెక్కలు వ్రాసిరి. పిదప బి.ఎన్. రెడ్డిగారును నారాయణస్వామిగారును వాహినీ సంస్థను నెలకొల్పగా, 1939 నాటి వందేమాతరము చిత్రమునకు వెంకటరెడ్డిగారు నిర్మాణ వ్యవహర్తగా పనిచేసిరి. సుమంగళి, దేవత చిత్రముల కాలమునను ఆ సంస్థయందే యుండి, కథ యెట్లు పుట్టునో, దృశ్యమెట్లు కూర్పబడునో, రూపాయి యెక్కడ వ్యర్థమగునో దగ్గరనుండి కనిపెట్టిరి.

మూడుపదుల వయసున వారికి దర్శకత్వము లభించెను. తాడిపత్రి మిత్రుడు తోడుగా నిలిచి నమ్మకముంచుటయే ఆ యవకాశమునకు మూలము. ఆ చిత్రమే 1943లో వెలువడిన భక్త పోతన. చిత్తూరు నాగయ్యగారు పోతనగా నటించిరి. రాజాశ్రయమును కాదని పొలము దున్నుకొని బ్రదికిన కవి కథ అది. తెలుగునాట ఆ చిత్రము పొందిన యాదరణ అపారము. క్యాషియరుగా చేరిన మనుష్యుడు మొదటి చిత్రముతోనే దర్శకులలో నెన్నదగినవాడయ్యెను. మూలా నారాయణస్వామిగారు 1950లోనే పరమపదించిరి. అయినను వారుంచిన నమ్మకము మిత్రుని చిత్రములయందు ఇంకను బ్రదికియున్నది.

ఇచ్చట మేము విద్యార్థులనొక ప్రశ్న యడిగితిమి. మీ కథలో నాయకునికి మిత్రుడెక్కడ అని. వారు ఒకరి మొగమొకరు చూచుకొనిరి. తండ్రి, తల్లి, ఉపాధ్యాయుడు, మార్కుల పట్టిక – ఇన్ని వ్రాసియు మిత్రుని వ్రాయ మరచిరి. భారమును మోయువానిని ఒంటరిగా చూపినచో కథ బరువెక్కును గాని నిజము తరిగిపోవును. ఆ సాయంకాలమే వారొక మిత్రుని సృష్టించిరి.

1947లో యోగి వేమన వెలువడెను. వేమన సమాధి కదిరి సమీపమున కటారుపల్లెలో నున్నది. ఆ పల్లె అప్పుడు మన జిల్లాలోనిది. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. ఈ చిత్రము ధనముకంటె పెద్దల మెప్పును ఎక్కువగా నార్జించెను. 1949లో షేక్స్పియరు మహాకవి లియరు రాజు కథను తెలుగు జానపదముగా మలచి గుణసుందరి కథను తీసిరి. 1951లో విజయా సంస్థకు తీసిన పాతాళభైరవి, 1952లో భారతదేశమున జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున ప్రదర్శింపబడెను. 1954 నాటి పెద్దమనుషులు చిత్రమునకు ఉత్తమ తెలుగు చిత్రముగా రాష్ట్రపతి రజత పతకము లభించెను. 1955లో అన్నపూర్ణా సంస్థవారి మొదటి చిత్రమైన దొంగరాముడు వారి దర్శకత్వముననే వచ్చెను. 1957 మార్చి 27వ తేదీన మాయాబజారు విడుదలయ్యెను. ఈ చిత్రమును చూడని తెలుగు ఇల్లు అరుదని చెప్పుట అతిశయోక్తి కాదు.

ఇన్ని చిత్రముల వెనుక వారి పద్ధతియొక్కటియే. కథ తుదివరకు స్థిరపడనిదే వారు చిత్రీకరణమునకు దిగువారు కారు. సంభాషణలు, దృశ్యముల వరుస, పాటల తావులు అన్నియు ముందుగా కాగితముమీద నిలువవలెను. ఒకసారి నిలిచినదానిని తొందరపాటున మార్చరాదు. అందుచేతనే సుమారు ముప్పదియేండ్లలో తెలుగున వారు దర్శకత్వము వహించినవి పదునాలుగు చిత్రములు మాత్రమే. మాయాబజారు విషయమున నటులచేత ముందుగా అభ్యాసము చేయించి, ప్రతి దృశ్యమును ప్రతి పాటను స్టాప్‌వాచితో కొలిచి, చిత్రము మొత్తము ఎంత నిడివి వచ్చునో చిత్రీకరణమునకు పూర్వమే లెక్క కట్టిరి.

ఈ లెక్క యేమో చిన్నవారికి తెలియవలెను. ఆ దినములలో చిత్రము ముడిఫిలిముమీద తీయబడుచుండెను. తెరమీద ఒక్క సెకనునకు 24 బొమ్మలు కదలును. ఒక్క అడుగు ఫిలిములో 16 బొమ్మలు పట్టును. కావున ఒక్క నిమిషమునకు 90 అడుగులు. పది నిమిషములకు 900 అడుగులు. దృశ్యమును పెంచి తీసి తరువాత కత్తిరించినచో, కత్తిరించిన ప్రతి యడుగును ఖర్చే. లెక్కల బల్లయొద్ద కూర్చున్న మనుష్యునికి ఈ సంగతి ఇతరులకంటె బాగుగా తెలిసియుండునని మా తలంపు. చిన్న ఉద్యోగమున నేర్చిన విద్య పెద్ద పనియందు అక్కరకు వచ్చుట ఇట్లే.

నేడు మన విద్యార్థుల చేతిలో ఫోను కలదు. ఫిలిము ఖర్చు లేదు. ఖర్చు లేకపోవుటయే వారి చిక్కు. ఎంతైనను తీయవచ్చునను ధైర్యముచేత ఏమి తీయవలెనో ఆలోచింపరు. కాని వారికిని తరిగిపోవు వస్తువొకటి కలదు; అది కాలము. మార్చి నెలలో పరీక్షలు. చదువుల భారమును గూర్చి చిత్రము తీయబోయి చదువును పాడుచేసికొనుట నవ్వులాట యగును. కావున వారిని 900 అడుగుల ఫిలిము తమకు ఇయ్యబడినదని భావించుకొని పనిచేయుడని చెప్పితిమి.

వారు ఏర్పరచుకొన్న ప్రణాళిక యిది. మొదటి దృశ్యము తెల్లవారుజామున పొలము, తండ్రి ఎండిన వేరుసెనగ చెట్టును పెరికి చూచును, కాయలు లేవు, మాట లేదు, 90 అడుగులు. రెండవది తరగతిలో పేర్లు చదువుట; 135 అడుగులు. మూడవది రాత్రి యింట ప్రోగ్రెసు కార్డు చేతులు మారుట, 180 అడుగులు. నాలుగవది బస్టాండునొద్ద మిత్రునితో మాట, 135. ఐదవది ఖాళీగా నున్న పరీక్షగదిలో బాలుడొక్కడే, 90. ఆరవది తండ్రికి నిజము చెప్పుట, 180. ఏడవది మరునాటి ఉదయము, 90. కూడిన సరిగా 900. ఈ కూడిక సరిపోయినప్పుడు వారి మొగములయందు కనబడిన సంతోషము, గణితమున నూటికి నూరు వచ్చిననాడును మేము చూచియుండలేదు.

మూడవ దృశ్యము మొదట వారికి కుదరలేదు. తండ్రి కోపించుట, తల్లి యేడ్చుట, అంతకుమించి తోచలేదు. అప్పుడు మాయాబజారులోని ప్రియదర్శిని పేటికను జ్ఞప్తికి తెచ్చితిమి. ఆ పేటికను తెరచి చూచినవారికి తమకత్యంత ప్రియమైనది కనబడును. శశిరేఖకు అభిమన్యుడు, బలరామునకు దుర్యోధనుడు, రేవతీదేవికి నగలు కనబడును. పేటిక యొక్కటియే, చూచు కన్నులు వేరు. ప్రోగ్రెసు కార్డును అట్టిదే. దానిలో తండ్రి తీరబోవు అప్పును చూచును. తల్లి తనవలె ఎండలో కూలిపని చేయనక్కరలేని బిడ్డను చూచును. ఉపాధ్యాయుడు బడికి రాబోవు పేరును చూచును. ఎవరును దుర్మార్గులు కారు. కాని ఆ కార్డులో ఆ బాలుని చూచినవారెవరును లేరు. బాలుడు తన కన్నులతో తన్ను తాను చూచుకొన్న దినమే వాడు యువకుడగును. విద్యార్థులు ఈ మాటను పట్టుకొని ఆ దృశ్యమును తిరిగి వ్రాసిరి. ఇప్పుడందు అరుపులు లేవు. కార్డు చేతులు మారును, ఒక్కొక్కరి మొగము కనబడును, అంతియే.

మాయాబజారున మరియొక నేర్పు కలదు. పాండవుల బంధువర్గపు కథయైనను ఆ చిత్రమున పాండవు లొక్కసారియైనను కానరారు. కానరాకున్నను కథలో లేరని తోపదు. ఆ యుపాయమును గ్రహించి మనవారు మార్కుల సంఖ్యను తెరమీద చూపకూడదని నిశ్చయించుకొనిరి. ఎన్ని మార్కులు వచ్చెనో ప్రేక్షకునకు తుదివరకు తెలియదు. తెలిసినచో ప్రేక్షకుడును పేర్లు చదువు ఉపాధ్యాయునివలె బాలుని తూచును గదా.

ఇక ముగింపు. ఇది వెంకటరెడ్డిగారి జీవితపు కడపటి భాగముతో ముడివడియున్నది. మహాపురుషుల చరిత్రలు వ్రాయువారు విజయములను చెప్పి అపజయములను దాటవేయుదురు. అట్లు చేసినచో విద్యార్థికి మిగులునది మరియొక ర్యాంకు పట్టికయే. జగదేకవీరుని కథ (1961), శ్రీకృష్ణార్జున యుద్ధము (1963), సత్య హరిశ్చంద్ర (1965) తీసిన పిమ్మట, 1968లో వారి ఉమా చండీ గౌరీ శంకరుల కథయు, భాగ్యచక్రమును వెలువడెను. రెండును జనాదరణ పొందలేదు. పాతాళభైరవిని, మాయాబజారును తీసిన చేతులే వానిని తీసినవి. పద్ధతి అదియే, శ్రద్ధ అదియే. ఫలితము మాత్రము వేరు. తరువాత వారికి అవకాశములు తగ్గెను. అరువదియేండ్లకు చేరువైన వయసున, దేశమంతయు ఎరిగిన పేరుండియు, పనికై వేచియుండుట యెంత కష్టమో ఊహింపవలెను.

అయినను కథ అంతటితో ముగియలేదు. 1971లో నందమూరి తారకరామారావుగారు కథానాయకులుగా శ్రీకృష్ణసత్య వారి దర్శకత్వమున వెలువడి ప్రజల మెప్పు పొందెను. 1972 సెప్టెంబరు 15వ తేదీన వెంకటరెడ్డిగారు దివంగతులైరి. వారు ఓడినవారుగా పోలేదు. వారివద్ద పని నేర్చిన కమలాకర కామేశ్వరరావుగారు, సింగీతము శ్రీనివాసరావుగారు తామును పేరుగాంచిన దర్శకులైరి. 1968వ సంవత్సరమున తెర దించివేసినచో ఈ చరిత్రము అపజయ చరిత్రమై యుండెడిది. ఏ యేట తెర దింపవలెనో నిర్ణయించు అధికారము ఒక్క ఫలితమునకు లేదు.

ఈ మాట చెప్పుచుండగా మాకు 2019వ సంవత్సరము జ్ఞప్తికి వచ్చినది. ఆ యేడు ఏప్రిలు నెలలో తెలంగాణమున ఇంటర్మీడియెటు ఫలితములు వెలువడిన కొలది దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఆ ఫలితముల తయారీలో తప్పులు దొర్లినవని తరువాత విచారణలో తేలెను. తప్పు దిద్దబడెను, పోయినవారు తిరిగి రాలేదు. కాగితముమీది తప్పును దిద్దుటకు కాలము కలదు. ఆ కాలమువరకు బాలుడు నిలిచియుండవలెను. నిలుచుటకు వాని ప్రక్కన ఒకరుండవలెను. ఇంటియందు గాని బడియందు గాని చెప్పుకొనుటకు నోరు రానివారు 14416 సంఖ్యకు ఫోను చేసినచో, టెలిమానస్ అను ప్రభుత్వ సేవవారు ఏ వేళనైనను ఉచితముగా మాటలాడుదురు. ఈ సంఖ్యను చిత్రము చివర చూపవలెనని విద్యార్థులే కోరిరి.

వారు ముగింపును మార్చిరి. మేము మార్పుమనలేదు. ఆరవ దృశ్యమున బాలుడు పొలమునకు పోయి, తండ్రి ప్రక్కన కూర్చుండి, తన మార్కుల సంగతి దాచక చెప్పును. చెప్పుటకు ముందు కొంతసేపు ఇరువురును ఎండిన చెట్లను ఏరుచుందురు. తండ్రి వెంటనే మన్నించునట్లు చూపలేదు. చేతిలోని చెట్టును క్రింద పెట్టి కుమారునివైపు తిరిగి చూచును, అంతవరకే. పంట పోయినదని రైతు నేలను విడువడుగదా, అన్న భావము ప్రేక్షకునకు తానే తట్టవలెనని వారి యుద్దేశము. ఈ దృశ్యమును మొదట అభ్యాసము చేసినప్పుడు మూడు నిమిషములు దాటెను. స్టాప్‌వాచి పట్టిన బాలుడు కనికరింపలేదు. మాటలు తీసివేయగా తీసివేయగా రెండు నిమిషములకు వచ్చెను. తీసివేసినకొలది బాగుపడినదని వారే గ్రహించిరి.

చిత్రీకరణమునకు సంక్రాంతి సెలవులలో మూడు దినములు ఏర్పరచుకొనిరి. నాలుగవ దినమున పుస్తకములు తెరువవలెనను నియమము ప్రణాళికలోనే వ్రాయబడినది. ఉపాధ్యాయుని వేషమును మమ్ములనే ధరింపుమని కోరిరి. మొదట సంకోచించితిమి. పిదప ఒప్పుకొంటిమి. రెండవ దృశ్యమున పట్టికను చేతబట్టి మొదటివానినుండి తుదివానివరకు పేర్లు చదువవలెను. 135 అడుగుల నిడివి, అనగా నిమిషమున్నర. తరగతిలో ఆ పనిని మేము ఇదివరకే మానితిమి. ఈ సంవత్సరమునుండి ప్రతివాని కార్డును వానినే పిలిచి, వాని చేతికే ఇచ్చి, వానితోనే మాటలాడుచున్నాము. అందుకు ఎక్కువ కాలము పట్టుచున్నది. కాని వెంకటరెడ్డిగారి చరిత్రమునుండి మేము నేర్చినదియు అదియే: కాలమును కొలుచుట తొందరపడుటకు కాదు, దేనికెంత కాలము ఈయవలెనో తెలిసికొనుటకు.

తాడిపత్రి మనకు దూరము కాదు. పెన్న యెండినను ఆ యూరు మిగిలినది. అచ్చట తండ్రిలేని బాలుడొకడు పెరిగి, లెక్కలు వ్రాసి, వేచియుండి, పని నేర్చి, గెలిచి, ఓడి, మరల గెలిచెను. మన విద్యార్థులు తమ పది నిమిషముల చిత్రమును ఆ మహనీయుని స్మృతికి అంకితము చేయదలచిరి. వారి యత్నము సఫలమగుగాక. సఫలము కాకున్నను, పరీక్షలలో ఏ ఫలితము వచ్చినను, జూన్ నెలలో బడి తెరచినప్పుడు వారందరును మా కన్నుల యెదుట నిలుతురుగాక.